ఎర్రదిగుడు మీద టైరు జాడ

ఇచ్చోడ నుంచి ఉట్నూరు అడవిలోకి పోయే మట్టిబాటలో ఎర్రదిగుడు అని ఒక మలుపు ఉంది. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ. అరవై నాలుగో సంవత్సరం వానాకాలంలో, పొద్దుగూకాక ఆ మలుపు దాటిన మొగోడు లేడంటే నమ్మండి. మీసాలు మెలేసే బండ్లవాళ్ళు కూడా రెండు కోసుల దూరం చుట్టు తిరిగి పోయేవారట.

ఎందుకంటే... తెల్లవారి చూస్తే బురదలో మోటారుసైకిల్ టైరు జాడ కనపడేది. బాట నడుమ మొదలై, తిన్నగా లోయ అంచుదాకా పోయి — అక్కడ ఆగిపోయేది. రాత్రి బండి చప్పుడు మాత్రం ఎవరూ వినలేదు.

ఆ జాడ రామచంద్రం సారుదే అన్నారు జనం. మలేరియా మందు కొట్టించడానికి మోటారుసైకిల్ మీద గూడేలు తిరిగే ఆ మనిషి, ఆషాఢంలో అక్కడే జారి లోయలో పడి చనిపోయాడు.

ఇచ్చోడలో టైర్ల దుకాణాలు మూడు. నడిమిది దశరథానిది. నోరు తీపి, చెయ్యి పాడు. అడవిబాటకు ఎలాంటి టైరు కావాలో అతనికి తెలియక కాదు. టైరు మీది రబ్బరు గడులు ఎత్తుగా, వాటి సందులు లోతుగా ఉంటేనే బురదను కరిచి పట్టుకుంటుంది. రబ్బరు మందంగా ఉంటేనే రాళ్ళకు తట్టుకుంటుంది. అన్నీ తెలిసే ఆ పాపిష్టివాడు అరిగి నున్నబడ్డ టైర్లు ఏరి తెచ్చి, కత్తి ఎర్రగా కాల్చి గడులు చెక్కి, నల్లరంగు పూసి కొత్తవని అమ్మేవాడు. రామచంద్రానికి అంటగట్టిందీ అలాంటిదే.

ఒకనాడు ఉట్నూరు అంగడి నుంచి వస్తూ, పట్టపగలు దశరథం ఆ జాడ చూశాడు. వంగి చూశాడు. గడుల నడుమ ఒక అడ్డగాటు... చెక్కేటప్పుడు తన కత్తి జారి పడ్డ గాటు!

అంతకంటే భయం ఇంకొకటి. టైరు మీది గాటు, చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కసారి పడాలి — అంటే నాలుగు మూరలకొకసారి. ఇది మూరమూరకూ పడింది. అంత చిన్న చక్రం ఏ బండికి ఉంటుంది?

దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎవరికీ చెప్పుకోలేడు. పక్క దుకాణం హనుమండ్లు ఊరికే ఉండక, "సారు దెయ్యమై టైరమ్మినోన్ని ఎతుక్కుంట దేవులాడుతుండట. నీ తాన్కి వస్తడో, నా తాన్కి వస్తడో!" అని నవ్వాడు. జాడ పడుతోందంటే ఆ టైరు లోయ దగ్గరే ఎక్కడో పడి ఉండాలి. పోలీసుల చేతికి చిక్కితే దుకాణం పోతుంది, జైలు తప్పదు. తెచ్చి కాల్చేస్తే తప్ప కంటిమీద కునుకు రాదు. ఆ భయం ముందు దెయ్యం భయం చిన్నదైపోయింది.

అమావాస్య ముందు రాత్రి లాంతరు పట్టుకొని పోయాడు. సన్నగా జల్లు. మలుపు దగ్గరికి రాగానే వినపడింది...

చప్. చప్. చప్.

బాట నడుమ ఒక ఆడమనిషి. తల వంచుకొని, ఒక కాలి వేళ్ళకు ఇంకో కాలి మడమ ఆనించి, లోయ వైపు మెల్లగా నడుస్తున్నది. ఆమె వెనక బురదలో — టైరు జాడ.

ఆమె తిరిగి చూసింది. రామచంద్రం శవాన్ని ఇచ్చోడకు తెచ్చిన నాడు చూసిన ముఖమే. అతని పెండ్లాం నర్మద. బతికున్న మనిషే! దశరథానికి పోయిన ప్రాణం లేచివచ్చింది.

"నువ్వా చెల్లె! ఊరంత పరేషానయితుండ్రు. గా చెప్పులేంది?"

"ఆయన బండి టైరు కోయిపిచ్చి కుట్టిపిచ్చిన. అంచు కాడ ఇప్పి, గడ్డి మీదికెళ్ళి మర్లిపోత," అన్నది గుసగుసగా. "నువ్వేందన్నా, గింత రాత్రి?"

"గా టైరు... ఏడున్నదో అని..." నోరు జారింది.

నర్మద అతని వైపు ఒక అడుగు వేసింది.

"ఇచ్చోడల కొన్న అన్నడు గని, ఏ దుకాణమో చెప్పలే. మూడు దుకాణాలాయె. గీ జాడ జూసి ఊరంత ఉరుకుతది. దేవులాడుకుంట వచ్చేది చెక్కినోడొక్కడే. నెల దినాల సంది నడుస్తున్న... నీ కోసానికే."

లోయ అంచు పక్కనే నిలబడ్డ దశరథం వెనక్కి అడుగు వేశాడు. ఒక్క అడుగే. నానిన ఎర్రమట్టి సర్రున జారింది. లాంతరు బాట మీద ఒరిగింది, మనిషి అంచు దాటాడు. ఒంటిచేతికి ఒక వేరు దొరికింది. కాళ్ళు గాలిలో ఉన్నాయి.

"చెల్లే... నీ కాల్మొక్కుత... జర చెయ్యియ్యి!"

ఆమె అంచున కూర్చుంది. తొందరేమీ పడలేదు. ఒక చెప్పు విప్పి, అతనికి అందేంత దూరం చాచింది.

వేరు పటపటమంటున్నది. రెండో చేత్తో చెప్పు అందుకున్నాడు. వేళ్ళ కింద తను చెక్కిన గడులు, వాటి నడుమ ఆ అడ్డగాటు. బురద నిండి, నున్నగా, ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

"గట్టిగ పట్టుకో అన్నా," అన్నది నర్మద. "నువ్వు అమ్మిందే గద."