కాళ్ల బొంద

బెల్లంపల్లి అవతల, బొగ్గు గనుల నడుమ ఓ దవాఖాన ఉండేది. పేరెందుకులే. దాని వెనుక తుమ్మచెట్ల కింద ఒక జాగ... జనం దాన్ని కాళ్ల బొంద అనేటోళ్లు. గనిల నలిగిన కాళ్లు, చేతులు కోసేస్తే పాతిపెట్టేది అక్కడనే. పొద్దుగూకితే ఆ దిక్కు మేకలు సుత పోయేటివి కావు. చీకట్ల ఎవలో నేల గీరినట్టు సప్పుడు ఇనబడేదట.

ఆ కాళ్లు మోసుకపోయి పాతేటోడు సిద్దిరాములు. నేను విన్నది ఆయన సంగతి. నిజాం సర్కారు పోయి అప్పటికి పన్నెండేండ్లు.

ఆ పనంటే ఆయనకు రోత. గోనెసంచిల చుట్టినా భుజం మీదికి తడి దిగేది. కుళ్లిన కంపు గోళ్ల సందుల నిలిచేది — కుంకుడుకాయతోటి రుద్దినా, బూడిదతోటి రుద్దినా పోకపోయేది. ఇంట్ల అనసూర్య మొగనికి అన్నం పెట్టి దూరం జరిగేది. ఆయనే ముద్ద నోటికాడికి తెచ్చి మళ్ల కంచంలనే పెట్టేటోడు.

ఒకనాడు మాపటేళ గనిల పనిచేసే పర్శరాములును మోసుకొచ్చిండ్రు. పట్టాల మీద పోయే బొగ్గు డబ్బా కాలు మీదికెక్కింది. మోకాలెనుక పెద్ద నెత్తురు నరం తెగింది. పాదం తెల్లగ, సల్లగ... చచ్చిన చాప లెక్క.

అసొంటి నరం తెగితే అదివరకు దారంతోటి ముడేసేటోళ్లు. మనిషి బతికేటోడు, కాని కిందికి నెత్తురు పోక మూడు దినాలకు కాలు నల్లబడి పురుగు పట్టేది. ఇగ కోసుడే. అందుకే కట్లు కట్టే వెంకటి, బొంద తవ్వి పెట్టుమని మెల్లగ చెప్పిండు. సిద్దిరాములు పోయి తవ్వొచ్చిండు.

కాని మిలిటరీల పనిచేసొచ్చిన కొత్త డాక్టరు ముడేయలే. సిద్దిరాములును బత్తి పట్టుమన్నడు. రెండో కాలుల నుంచి జానెడు నరం తీసిండు. అండ్ల నెత్తురు ఒక్క దిక్కే పారుతదట — అందుకని తలకిందులు చేసి, తెగిన రెండు కొసల నడుమ పెట్టి, వెంట్రుకంత పట్టుదారంతోటి కుట్టిండు. నల్లటి నెత్తురు గడ్డలు జెర్రల్లెక్క బయటికి గుంజుతుంటే సిద్దిరాములు మొకం పక్కకు తిప్పిండు, బత్తి మాత్రం కదపలే. పండ్లు బిగబట్టుకొని నిలబడ్డడు.

నెత్తురు ఆపేటందుకు నరానికి బిగించిన చిమ్టాలు ఇప్పిండ్రు. జరసేపు ఏం కాలే... అటెనుక పాదం ఎర్రబారింది. వెచ్చబడ్డది.

“కాలు దక్కింది. పోయి ఆ బొంద పూడ్చిరా” అన్నడు డాక్టరు.

రాత్రి పది దాటింది. కందీలు పట్టుకొని, భుజం మీద సంచి లేకుంట రాత్రిపూట అటు పోవుడు సిద్దిరాములుకు అదే మొదలు. బొందకాడికి పోయి పార ఎత్తిండో లేదో — పక్కపొంటి గుసగుస.

“నా కాలు... నా కాలు...”

కందీలు ఎత్తి చూసిండు. బొంద అంచున ఒంటికాలు మనిషి!

దయ్యం కాదు. హనుమండ్లు. మూడేండ్ల కింద ఇదే దవాఖానల కాలు పోయినోడు. లేని కాలు నొప్పి లేస్తదట. వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి గుంజుతయట. కంటికి కునుకు లేక, ఎవలు చూడకుంట చీకట్ల ఇక్కడికొచ్చి నేల గీరుకుంటడట.

బొంద ఎవలకని అడిగిండు. పర్శరాములుకు తవ్వింది, నరం కుట్టంగ కాలు దక్కిందని చెప్పిండు సిద్దిరాములు. హనుమండ్లు మొండికాలు నిమురుకుంట అడిగిండు.

“నాది వంకర పెట్టి పాతినవా అన్నా? జర తవ్వి సక్కగ పెట్టు... నిద్రపోత.”

హనుమండ్లు కాలును సిద్దిరాములు పాతనే లేదు. ఆనాడు సంచిలకెల్లి పురుగు మెడ మీదికి పాకితే, రోత పట్టలేక తుమ్మలల్లకు ఇసిరేసి ఉరికిండు. తెల్లారి చూస్తే కుక్కలు మిగిల్చింది సంచి పీలికలే. తర్వాత హనుమండ్లు అడిగితే ఓ మూల చూపెట్టి, గిదేనన్నడు.

ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది. అయినా నిజం చెప్పలే. ఆ మూలకు పోయి, మోచెయ్యి లోతు తవ్వి, ఉత్తుత్తగ చెయ్యి పెట్టి సర్దినట్టు చేసిండు.

“బొటనవేలు... ఇంకింత...” హనుమండ్లు కండ్లు మూసుకున్నడు.

సిద్దిరాములు మట్టిల చెయ్యి తిప్పిండు.

“ఆ... సక్కగైంది.”

అప్పుడు తెలిసింది సిద్దిరాములుకు — తన పిడికిట్లున్నది మట్టి కాదు.

ఐదు కాలివేళ్లు. వెచ్చగున్నయి.