ఉప్పు లేని తొమ్మిది రోజులు

ఆ రోజు తాండూరులోని ఆ నాపరాతి ఇంట్లో ఉన్నది నలుగురు. శాస్త్రవేత్త జనార్దన్. ఆయన తల్లి భాగమ్మ. ఆయన అసిస్టెంట్ పద్మారాణి. ఎర్ర చీర, చల్లని నవ్వు, ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే. నాలుగో మనిషి వంటచేసే నాగరాణి.

నిజానికి నాగరాణి అనే మనిషే లేదు. ఆ పేరుతో వంకాయలు తరుగుతున్నది ఏజెంట్ కృపారాణి.

మూడు రోజుల కిందట వికారాబాద్ రైల్వే స్టేషన్‌లో చీఫ్ వెంకటేశం ఆమెకు చాయ్‌తో పాటు ఒక ఫైలు ఇచ్చాడు.

"బైపోలార్ డిప్రెషన్‌కు కొత్త మందు. ఇప్పుడున్న మందులకు వారాలు పడ్తది. ఇది మెదడుల గ్లూటమేట్ అనే రసాయనాన్ని సరిచేసి గంటల్ల మనిషిని లేపుతది. ఫార్ములా జనార్దన్ తలకాయలనే ఉంది. విదేశీ ముఠా కాసుకొని కూసుంది."

"ఆయనకూ అదే జబ్బు కద సార్?"

"ఔ. పన్నెండేండ్ల నుంచి లిథియం మాత్రలు వాడుతున్నడు. లోపల మన మనిషి పద్మారాణి ఉంది. నువ్వొస్తున్నవని ఆమెకు చెప్పలె."

"ఎందుకు సార్?"

"పది రోజులాయె. ఒక్క రిపోర్టు రాలె."

ఆ ఇంట్లో సిగ్నళ్లను ఆపే జామర్ పనిచేస్తోంది. కృపారాణి చెవి కమ్మలోని ట్రాన్స్‌మిటర్ ఉత్త కమ్మ అయిపోయింది. కిటికీలకు ఇనుప చువ్వలు. గేటుకు బయటినుంచి తాళం. "కందులు ఎండినయి" అని లోపలినుంచి పద్మారాణి అంటేనే కాపలాదారు దేవప్ప తీస్తాడు.

జనార్దన్ చేతులు వణుకుతున్నాయి. నిన్న చెంచా జారింది. ఈ రోజు గ్లాసు కూడా నిలవలేదు. మాట ముద్దగా వస్తోంది.

"గేటుకు తాళం దేవప్ప ఏసిండు. నా తలకు ఎవరేసిన్రమ్మా? తాళంచెవి నేనే చేసిన. ఏడ పెట్టిన్నో యాదికొస్తలేదు."

కృపారాణి ఆయనకు అన్నం కలిపి ఇచ్చింది. చప్పిడి పప్పు, చప్పిడి కూర. ఇంట్లో అందరికీ కలిపి ఉప్పులేని ఒక్కపొద్దు పట్టానని, ఆమె వచ్చిన మొదటి రోజే భాగమ్మ చెప్పింది. "తొమ్మిది రోజులు బిడ్డా. ఆరు అయిపోయినయి. గట్ల చేస్తె కొడుకు నిమ్మళమైతడని పద్మమ్మనే చెప్పింది." తన తల్లి కూడా ఇలాంటివి ఎన్నో పట్టేది కాబట్టి కృపారాణి పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆమె ఆ చప్పిడి పప్పు వైపు చూసింది. రైల్లో సగమే చదివిన ఫైలు గుర్తొచ్చింది. లిథియమూ ఒక లవణమే. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియంను బయటికి పోనివ్వవు. రోజూ వేసుకునే మాత్రే విషమవుతుంది.

ఇది తొమ్మిదో రోజు.

ఆమె గిన్నెలు వంటింట్లో పడేసి పరుగున వచ్చేసరికి జనార్దన్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పద్మారాణి గొంతు. "ఫార్ములాల చివరి స్టెప్ చెప్పున్రి సార్. చెప్పి, మాత్ర ఏసుకొని పండుకోన్రి."

కృపారాణి తలుపు తన్ని, ఆమె చేతిలోని మాత్రను ఎగరగొట్టింది.

"ముఠాకు అమ్ముడువోయి, ఉప్పు తీసేసి మనిషిని చంపుతున్నవా?"

పద్మారాణి చేతిలోకి పిస్టల్ వచ్చింది. "హుషారే. కానీ లేటయింది. మందు ఎక్కువైంది అంటరు. ఒక్కపొద్దు పట్టింది తల్లి. నన్నెవరు అడుగుతరు?"

"నేనడుగుత," అంది వెనకనుంచి భాగమ్మ. "నా చేతులతోనే పెట్టిస్తివి కదనే!"

ఆమె చేతిలోని పప్పుగుత్తితో ఒక్కటే దెబ్బ. పిస్టల్ బండల మీద జారింది.

కృపారాణి పద్మారాణిని మంచానికి కట్టేసి, పిస్టల్ అందుకుని గేటు దగ్గరికి పోయి, ఆమె గొంతుతో అంది. "కందులు ఎండినయి."

తాళం తెరుచుకుంది. "గింత జల్దినా మేడం?" అంటూ దేవప్ప తల లోపలికి పెట్టాడు. పిస్టల్ చూసి కారు తాళాలు తనే ఇచ్చాడు. తల్లీకొడుకులను కారెక్కించి, పద్మారాణినీ దేవప్పనూ లోపలే ఉంచి, కృపారాణి బయటినుంచి తాళం వేసింది.

వీధి మలుపు తిరగగానే కమ్మ పలికింది. కృపారాణి సంగతంతా చెప్పింది. "వికారాబాద్‌కు తీస్కరా. డయాలసిస్ తయారు పెట్టిపిస్త," అన్నాడు చీఫ్.

ధారూర్ దాటేవరకూ భాగమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఒకటే మాట. "నేనే చంపిననా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. మూడు రోజులు వండి పెట్టిన, నేనూ సోయి చెయ్యలె."

ఆస్పత్రిలో డాక్టర్ రక్తపరీక్ష చూసి అన్నాడు. "ఇంకొక్క మాత్ర పడుంటే దక్కకపోతుండె. ఇప్పుడు ఫికర్ లేదు."

స్ట్రెచర్ మీద జనార్దన్ కళ్లు తెరిచాడు. "అమ్మా, రేపు పప్పుల జర ఉప్పెయ్యి."

కృపారాణి స్ట్రెచర్ వెంట డయాలసిస్ గదిలోకి నడిచింది. నర్సు సత్యమ్మ అడ్డం నిలబడింది.

"నువ్వెవరమ్మా?"

"సీక్రెట్ ఏజెంట్‌ను."

"అయితే సీక్రెట్‌గనే బయట కూసో. చెప్పులతోని లోపటికొస్తున్నవ్," అని సత్యమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసింది.