గట్టు మీద పెట్టిన ఒట్టు

"నా మీద ఒట్టు! ఇవాళ ఒక్క బంతి కూడా దానికి అందించడానికి వీల్లేదు!"

తల్లి మాటకు, బూటు లేసు కట్టుకుంటున్న కూతురి చేతులు ఆగిపోయాయి.

"అదేంటమ్మా! గోలు ముందు ఆడేది చెల్లే కదా... దానికి కాక ఇంకెవరికి ఇస్తాను?"

"గోలు నువ్వే కొట్టు! నీకు కాళ్ళు లేవా?"

కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ తల్లి మనసు ఎప్పటినుంచో ఉడికిపోతోంది. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, తను పెద్దకోడలు. ఇద్దరికీ చెరో ఆడపిల్ల. నెలల తేడాతో పుట్టిన ఆ ఇద్దరూ స్కూలు ఫుట్‌బాల్ జట్టులోనే! చిన్నకోడలి కూతురు బంతి దొరికితే చాలు, రివ్వున దూసుకుపోయి గోలు కొట్టేస్తుంది. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని 'జువ్వ' అని ముద్దుచేస్తారు. మరి తన కూతురు? మైదానం మధ్యలో నిలబడి, నాలుగువైపులా చూసి, నింపాదిగా బంతిని చెల్లెలి కాళ్ళ ముందుకు పంపుతుంది. దానికి దక్కిన పేరు 'నత్త'! కప్పులన్నీ తోడికోడలి గదిలో మెరుస్తుంటే, వాటి దుమ్ము తుడిచేది మాత్రం తను... తుడిచిన ప్రతిసారీ కడుపు రగిలిపోయేది!

ఇవాళ కాలేజీ కోచ్ ఆట చూడటానికి వస్తోంది. ఈ స్కూలు నుంచి ఒక్కరినే తమ జట్టులోకి తీసుకుంటుందట. కాలేజీలో ఆడాలని నత్త నిద్రలో కూడా కలవరిస్తుంది. అలాంటి కలను తీసుకెళ్ళి చెల్లెలి చేతిలో పెట్టి వస్తానంటే ఏ తల్లి ఊరుకుంటుంది!

ఆట మొదలైంది. నత్త ఒట్టు తప్పలేదు. "అక్కా! ఇటు అక్కా!" అని జువ్వ గొంతు చించుకుంటున్నా అటు చూడకుండా, తనే ఉరికి, తనే తన్ని, బంతిని గోలుకు ఆమడ దూరంలో పారేసింది. మళ్ళీ అంతే! ఈలోగా అవతలి జట్టు గోలు కొట్టేసింది. మెట్ల మీద తోడికోడలి పక్కనే పెద్దకోడలు పళ్ళు బిగించుకుని కూర్చుంది.

విరామంలో కోచ్ వాళ్ళ దగ్గరికి వచ్చి, చిన్నకోడలిని అడిగింది.

"మధ్యలో ఆడుతున్న అమ్మాయికి ఒంట్లో బాగాలేదా అండీ? గోల్స్ కొట్టేవాళ్ళు మాకున్నారు. ఆ పిల్ల బంతి అందించే తీరు పోయినసారి చూసి, తన కోసమే వచ్చాను. ఇవాళ ఒక్కటీ అందించడం లేదు. ఇలాగైతే కష్టం."

పెద్దకోడలి గుండెల్లో రాయి పడింది. అయ్యో... ఎంత పని చేశాను! నా చేతులతో నేనే నా బిడ్డ నోట్లో మట్టి కొట్టానే!

చెప్పులు జారిపోతున్నా చూసుకోకుండా మైదానం అంచుకు పరుగెత్తింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టానే! బంతి చెల్లికివ్వు! విన్నావా... చెల్లికే ఇవ్వు!"

చుట్టూ జనం గొల్లున నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు.

"నిజంగానా అమ్మా?"

"నిజంగానే తల్లీ! నీ ఆట నువ్వాడు!"

ఆ తర్వాత నత్త కాళ్ళకు ప్రాణం లేచివచ్చింది. ముగ్గురి మధ్య నుంచి బంతిని జువ్వ ముందుకు పంపింది. గోల్! ఇంకాసేపటికి మరొకటి! మైదానమంతా "జువ్వ! జువ్వ!" అని అరుస్తుంటే పెద్దకోడలికి అప్పుడు కూడా కడుపులో భగ్గుమంది. ఆ చప్పట్లలో తన కూతురి ఊసే లేదు మరి!

కానీ ఆట ముగియగానే కోచ్ నేరుగా వెళ్ళి నత్త భుజం మీద చెయ్యి వేసింది.

"మా కాలేజీ తరఫున ఆడతావా?"

పిల్ల భోరుమని ఏడ్చేసింది. జువ్వ వచ్చి అక్కను వాటేసుకుంది. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగేసరికి, తోడికోడలు మెట్ల మీద బిగుసుకుపోయి కూర్చుంది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. వెళ్ళి పక్కన కూర్చుంది.

"చాలా... చాలా సంతోషం అక్కయ్యా," అంది చిన్నకోడలు.

"సంతోషం లేదు, పాడూ లేదు. కడుపు మండిపోతోంది కదూ? మనసులో నన్ను నాలుగు తిట్టుకో. కాస్త తగ్గుతుంది."

చిన్నకోడలు తెల్లబోయింది.

"నీకెలా తెలుసు అక్కయ్యా? అంటే... నువ్వూ నన్ను తిట్టుకున్నావా?"

"లేకపోతే! తిట్టుకోని రోజుందా?"

చిన్నకోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అయితే... కొన్నాళ్ళు నేనూ తిట్టుకుంటాను. ఏమీ అనుకోకు అక్కయ్యా!"

"తిట్టుకోవే తల్లీ... నీ మనసు తీరేదాకా తిట్టుకో!" అంటూ పెద్దకోడలు ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.