చేతికంటిన నల్లమట్టి

ధాత్రీపురం రాజు విమలసేనుడికి శుభ్రత అంటే ప్రాణం. మంచి గుణమే, కాదనను. కానీ ఆయన వాకిళ్లతో ఆగలేదు. కోతయ్యాక పొలంలో మిగిలే కొయ్యకాళ్లు, తోటలో ఎండుటాకులు, కొట్టంలో పేడ, ఏవీ కంటబడకూడదని శాసనం చేశాడు. జనం నడుముకు చీపురు కట్టుకుని తిరిగేవారు. ఊడ్చినదంతా కాల్చి, ఆ బూడిదను ఏట్లో కలిపేవారు. కోట గుమ్మం దగ్గర భటులు చెంబులతో నిలబడి, ఒంటికి మట్టి అంటినవాళ్లను కడగనిదే లోపలికి రానిచ్చేవారు కాదు.

కొన్నేళ్లకు ఆ రాజ్యంలో నేల పాలిపోయింది. వాన కురిసినా నీరు నిలవదు. మొలిచిన మొక్క జానెడు దాటకుండానే పసుపు తిరిగి ముడుచుకుపోతుంది. అడవిలోని నల్లభూతం భూమి ప్రాణాన్ని దొంగిలించిందని ఆస్థాన జ్యోతిష్కుడు తేల్చాడు. దాని మీదికి వెళ్లిన వీరులు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. చివరికి రాజ్యమంతటికీ ఒక బుట్టెడు జొన్న విత్తనాలు మిగిలాయి. అవీ పాడైతే జనం ఊళ్లు వదిలిపోవలసిందే.

ఆ బుట్టను కోటలో కాపాడేది నీలవ్వ అనే అమ్మాయి తల్లి. ఇక విత్తమని రాజాజ్ఞ రాగానే నీలవ్వ అడ్డుపడింది.

"ఈ నేలలో వేస్తే ఇవీ పోతాయమ్మా. నేను భూతం దగ్గరికెళ్లి అడిగొస్తాను."

"అంతటి వీరులకే చేతకాలేదు. నీవల్ల ఏమవుతుందే?"

"వాళ్లు కొట్లాటకు పోయారు. నేను అడగడానికి పోతున్నా."

తల్లి గుప్పెడు గింజలు ఆమె కొంగున ముడివేసి పంపింది.

అడవి మొదట్లోనే తాటిచెట్టంత రోకలిబండ పురుగు దారికి అడ్డంగా పడుకుని ఉంది. "మీ వీరులు నా ఇంటికి కప్పైన ఆకులన్నీ ఊడ్చుకుంటూ వచ్చారు. చీపురు ఉన్నవాళ్లకు దారి లేదు," అంది. నీలవ్వ నడుముకున్న చీపురు విప్పి పక్కన పెట్టింది.

ఆ తర్వాత కుళ్లిన ఆకులతో నిండిన గుంట ఎదురైంది. అందులోంచి ఒక పెద్ద వానపాము తల ఎత్తింది.

"దారి ఇందులోంచే తల్లీ. అసహ్యమైతే వెనక్కి పో."

నీలవ్వ కొంగు ముడి బిగించుకుంది. కళ్లు మూసుకుని దిగింది. లోపల పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. అలా దిగి దిగి ఆమె నేల అడుగుకు చేరింది.

అక్కడ కొండంత ముసలమ్మ కూర్చుని ఉంది. అడవిలోని వేళ్లన్నీ ఆమె జడలో అల్లుకుని ఉన్నాయి. ఆమే నల్లభూతం. "భూమి ప్రాణం తిరిగిస్తావా అవ్వా?" అని నీలవ్వ అడిగింది.

"నేనేమీ దొంగిలించలేదే పిల్లా," అంది ముసలమ్మ. "రాలిన ఆకు, చచ్చిన పురుగు, పేడ నాకు తిండి. వాటిని ఏళ్ల తరబడి మురగబెట్టి ఈ నల్లసారం చేస్తాను. మీవాళ్లు నా తిండి కాల్చేశారు."

ఆమె చిటికెడు నల్లమట్టి తీసి ఒక వాడిన వేరుకు తాకించింది. ఆ వేరు నుంచి వెంట్రుకల్లాంటి పిల్లవేళ్లు పుట్టుకొచ్చాయి. జారిపోతున్న నీటిబొట్టును, అందులోని ఉప్పులను నల్లమట్టి పట్టి ఉంచి వేరుకు అందించింది. పైన ఎక్కడో ఒక ఆకు పచ్చబడి ఊపిరి తీసుకున్న చప్పుడు నీలవ్వకు వినిపించింది. తను రోజూ తొక్కి నడిచే నేలలో ఇంత జరుగుతోందా అని ఆమె ఒళ్లు పులకరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొక్కకు అన్నం పెట్టేది నువ్వేనా అవ్వా?"

"అన్నం నేలలోనే ఉంది. నేను దాన్ని జారిపోకుండా పట్టుకుంటాను, వేరును తట్టి లేపుతాను. తిని పెరిగేది మొక్కే. ఇదిగో, గుప్పెడు పట్టుకుపో. విత్తేలోగా చేయి కడిగావో, మళ్లీ నా దగ్గరికి దారి దొరకదు."

నీలవ్వ పిడికిలి విప్పకుండా కోట గుమ్మం చేరింది. భటుడు చెంబు వంచాడు. ఆమె చేయి చాపలేదు. గొడవ విని రాజే వచ్చాడు.

"చేయి కడుగు. లేదా రాజ్యం విడిచిపో," అన్నాడు.

 నీలవ్వ గుమ్మం బయటే కూర్చుని, గోళ్లతో నేల తవ్వి, నల్లమట్టి పోసి గింజలు విత్తింది. "ఇవి మొలిచేదాకా ఆగండి మహారాజా. మొలవకపోతే నేనే పోతాను," అంది.

అందరూ చూస్తుండగానే మొలక లేచింది. జానెడు దాటింది, నడుమెత్తు దాటింది, రాజు కిరీటాన్ని దాటి కంకి వేసింది.

విమలసేనుడు చెప్పులు విడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి మట్టిలో వేళ్లు దించి వాసన చూశాడు. అలవాటు కొద్దీ భటుడు చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. రాజు చెంబు అందుకుని, ఆ నీళ్లు జొన్న మొదట్లో పోశాడు.

ఆ రోజే శాసనం రద్దయింది. ఆకులు, పేడ మళ్లీ పొలాలకు చేరాయి. నేల మెల్లమెల్లగా నల్లబడి, బుట్టలోని గింజలు రాజ్యమంతా పంటయ్యాయి. సంతానం లేని విమలసేనుడు నీలవ్వను దత్తత తీసుకున్నాడు. తన పట్టాభిషేకం నాడు ఆమె సభకు చేతులెత్తి నమస్కరిస్తే గోళ్ల సందుల్లో నల్లమట్టి కనిపించింది. ఎవరూ నీళ్లు తేలేదు.