పాతర రాగులు

"ఏమే గిరిజా! ఈ మూకుట్లో రాగులు మొలిస్తే నువ్వీ ఇంట్లో ఉండు. మొలవకపోతే దసరా అయిన మర్నాడే మా పద్మనాభకు బాగేపల్లి పిల్లతో పెండ్లి! రెండో పెండ్లి చేసుకోకూడదని ఏదో కాయిదా వస్తాదంట. అది రాకముందే కానిచ్చేయాల!"

సులోచనమ్మ నడింట్లో నిలబడి, చింతామణి ఊళ్ళో బజారంతటికీ వినపడేలా అన్న మాటలివి. కోడలు గిరిజమ్మ చేతిలోని చెంబు జారిపడింది. ఏడేండ్ల కాపురం... కడుపు పండలేదన్న ఒక్క కారణంతో మూకుడు మట్టిలో పడిపోయింది! ఆమె కళ్ళనీళ్ళతో భర్త వైపు చూసింది. పద్మనాభ గోడకానుకొని అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటున్నాడు. భార్య బతుకు తెగిపోతున్నా ఆయన వక్క మాత్రం సన్నగా, సమంగా తెగుతోంది!

"ఏమండీ... మీరొక మాట చెప్పండి!"

"అమ్మ చెప్తాండాది గదా... నడమ నేనేం చెప్పేది?" అని ఇంకో వక్క తీసుకున్నాడు ఆ మహానుభావుడు.

ఏం మనుషులమ్మా వీళ్ళు! ప్రతి దసరాకూ ఆ ఇంట్లో బొమ్మలు కూర్చోబెడతారు. మెట్ల ముందర పార్కు వేస్తారు. వెడల్పాటి మూకుట్లో ఎరువు మట్టి పోసి రాగులు చల్లితే ఐదారు రోజుల్లో పైరు పచ్చగా లేచి నిలబడుతుంది. నడుమ అద్దం ముక్కతో చెరువు, పురుగు తొలుచుకొని పోయిన పట్టుగూళ్ళతో హంసలు, కొబ్బరి చిప్పతో బావి, అగ్గిపెట్టెలతో ఇళ్ళు... అన్నీ గిరిజమ్మ చేతి పనే. వీధిలోని ఆడవాళ్ళు వచ్చి ముక్కున వేలేసుకుంటే, "మా పెద్దకోడలు చేసినాది" అని సులోచనమ్మ చెప్పేది. అగ్గిపెట్టె మీద పుల్ల గీయడం తప్ప మరేమీ రాని పెద్దకోడలు జయలక్ష్మమ్మ, అవునన్నట్టు చిరునవ్వు నవ్వేది! మిద్దె మీద నాలుగడుగుల జాగాలో, ఓటి కుండల్లో, సొట్టపడిన కిరసనాయిలు డబ్బాల్లో గిరిజమ్మ పెంచని మొక్క లేదు. ఆ కుండల్లోని పుదీనాతో చేసిన పచ్చడి ఇంట్లోవాళ్ళు నాలుగు ముద్దలు ఎక్కువ కలుపుకొని తిని, చెయ్యి కడుక్కోకముందే "దీనిది గొడ్డు చెయ్యి" అనేవాళ్ళు. సిగ్గనేది అంగట్లో దొరికే సరుకు కాదు కదా, వాళ్ళింట్లో ఉండడానికి!

ఇన్నేళ్ళూ పార్కులో రాగులు చల్లింది జయలక్ష్మమ్మే. ముగ్గురు పిల్లల తల్లి కాబట్టి ఆ గౌరవం ఆమెది. ఆ విత్తనం మాత్రం కెంచార్లహళ్ళిలోని తన పుట్టింటి నుంచి గిరిజమ్మ కొంగున కట్టుకొని తెచ్చేది. ఈ ఏడు సులోచనమ్మ పరీక్ష పెట్టింది కాబట్టి, రాగులు కూడా తన ఇంటివే అని పట్టుబట్టింది. గింజలు పూడ్చిపెట్టే పాతర తీయించి, ఎనిమిదేండ్ల నాటి రాగులు చేటనిండా తెచ్చి కోడలి ముందర పెట్టింది. గిరిజమ్మ నాలుగు గింజలు అరచేతిలో వేసుకొని చూసింది.

"అత్తా! పాతర రాగులు తినేదానికి చాలా మేలు. విత్తేదానికి పనికిరావు. గుంతలో ఏండ్ల తరబడి ఉండే ఉడుకుకు మొలక చచ్చిపోతాది. మా ఊర్లో విత్తనానికి వేరేగా కుండలో బూడిద కలిపి పెడతారు."

"అబ్బబ్బా! మాకు సేద్యం నేర్పించొచ్చినాది చూడండి!" జయలక్ష్మమ్మ మూతి తిప్పింది. "చిక్కబళ్ళాపురంలో మా నాయన అంగట్లో మూటలు మూటలు రాగులు చూసినాను నేను. అన్నీ ఒకటే రాగులు!"

"మొలవదని ఇప్పుడే సాకు చెప్తాండావా?" సులోచనమ్మ ఈసడించింది. "ఎనిమిదేండ్ల రాగులు ఈ బజారులో ఇంకెవరింట్లో ఉండాయి? నా ఇంటి గింజకే వంక పెడతావా?"

గిరిజమ్మకు ఆ క్షణంలో ఏడుపు ఆగిపోయింది. ఏడిస్తే కరిగే మనుషులా వీళ్ళు? కొంగుతో ముఖం తుడుచుకొని తలెత్తింది.

"సరే అత్తా. మీరు ఐదుగురిని కన్న తల్లి. ఇదే చేటలోంచి మీరూ ఒక మూకుట్లో విత్తండి. మీది మొలిచి నాది మొలవకపోతే, ఎవరూ తరమక్కర్లేదు. నేనే మా ఊరి బస్సెక్కి పోతాను."

సులోచనమ్మ పకపకా నవ్వింది. ఐదుగురిని కన్నచేయి! దానికి భయమా? గాజులు గలగలలాడిస్తూ పిడికిలినిండా రాగులు తీసి విత్తింది. పక్కనే గిరిజమ్మ కళ్ళు మూసుకొని తన మూకుట్లో చల్లింది.

ఆ తర్వాతి రోజులు గిరిజమ్మ ఎలా గడిపిందో దేవుడికే తెలియాలి! ఏమో... పాతర నోటి దగ్గరి గింజలు నాలుగు బతికి ఉండి, అవి అత్త పిడికిట్లోనే పడి ఉంటే? మూడో రోజు మధ్యాహ్నం గిరిజమ్మ తన పెట్టె తెరిచింది. పుట్టింటి విత్తనం మూట చేతికి తగిలింది. ఒక్క గుప్పెడు! ఎవరూ చూడటం లేదు. ఒక్క గుప్పెడు చల్లితే కాపురం నిలబడుతుంది... మూట విప్పి, మళ్ళీ గట్టిగా ముడి వేసింది. 'దొంగతనంగా మొలిపించుకున్న కాపురం నాకెందుకు!' అనుకొని పెట్టె మూసేసింది. అదే సమయంలో పెరట్లో సులోచనమ్మ ఏం చేస్తోందనుకున్నారు? తన మూకుడు నీడలోంచి ఎండకు, ఎండలోంచి నీడకు మోస్తోంది! పాలు పోసింది, పసుపు కుంకుమ పెట్టింది, మూడుసార్లు చుట్టూ తిరిగింది. గింజ ఉలకలేదు, పలకలేదు.

విత్తిన ఏడో నాడు, బొమ్మలు కూర్చోబెట్టే అమావాస్య సాయంకాలం పేరంటానికి ఆడవాళ్ళు వచ్చారు. బాగేపల్లి నుంచి పిల్ల తల్లి అంబుజమ్మ కూడా వచ్చింది, సంబంధం ఖాయం చేసుకొని పోదామని. సులోచనమ్మ చేసిన ఘనకార్యం చూడండి! తన మూకుడు వంటింటి మూల గోతం కింద దాచేసి, గిరిజమ్మది మాత్రం బొమ్మల ముందర నడుమ పెట్టింది.

"చూసినావా అంబుజమ్మా! ఒక్క మొలక ఉండాదా? దీని చేయి ఇట్లాంటిది! నా కొడుకు గతి ఏం కావాల చెప్పు!" అని కళ్ళొత్తుకుంది. పొడి కళ్ళు!

అత్త దాచడం చూసిన గిరిజమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళి, గోతం లాగి, రెండో మూకుడు రెండు చేతులా ఎత్తుకొచ్చి మొదటి దాని పక్కన పెట్టింది.

"ఇది మా అత్త విత్తినది. ఐదుగురిని కన్న చేతితో, ఇవే రాగులు."

రెండూ బోడిగా ఉన్నాయి. అత్తగారి దాంట్లో పాలు విరిగి కంపు కూడా కొడుతోంది! ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంబుజమ్మ వంగి రెండు గింజలు తీసి, నోట కొరికి, తూ అని ఉమ్మేసింది.

"ఇవి యాడివి?"

"పాతరవి..." సులోచనమ్మ గొంతు నూతిలోంచి వచ్చింది.

"పాతర రాగులు విత్తినారా! సేద్యగాండ్ల ఇంట్లో పాలు తాగే బిడ్డకూ తెలుసు, అవి మొలవవని. ఈ పిల్ల చెప్పలేదా?"

"చెప్పినాను," అంది గిరిజమ్మ.

అంబుజమ్మ అందరినీ ఒక్కసారి చూసింది. "తెలియకపోయేది తప్పు కాదమ్మా సులోచనమ్మా. చెప్పిన పిల్ల నోరు మూయించి, మీ మూకుడు దాచిపెట్టి, దాని మూకుడు పదిమందికి చూపిస్తాండారే... రేపు నా బిడ్డ చేతికీ ఏదో ఒక మూకుడిస్తారు. ఇట్లాంటి ఇంటికి నా బిడ్డను ఇయ్యను!" తాంబూలం ముట్టకుండా వెళ్ళిపోయింది. మిగిలిన ఆడవాళ్ళూ మెల్లగా జారుకున్నారు. వీధి మలుపు దాకా వాళ్ళ నవ్వులు వినపడ్డాయి. జయలక్ష్మమ్మ తలనొప్పి అంటూ గదిలోకి దూరింది.

సులోచనమ్మ ఉన్నచోటే కూలబడింది. తన అరచేతులను తానే చూసుకుంది. ఈసారి నిజంగానే కళ్ళనీళ్ళు కారాయి. "ఐదుగురిని కన్నానని ఎంత పొగరు నాకు! నీ ఉసురు పోసుకున్నానే గిరిజా... తప్పు నాదే తల్లీ, తప్పు నాదే!" అని కోడలి చేతులు పట్టుకొని భోరుమంది. గిరిజమ్మ ఆమెను పొదివి పట్టుకొని లేపింది. ఇద్దరూ ఏడ్చారు.

అప్పుడొచ్చాడు పద్మనాభ, గొడవంతా అయిపోయాక, కండువా సర్దుకుంటూ! ముఖం వెలిగిపోతోంది.

"ఇంక ఏడుపెందుకు? అంతా మంచికే అయినాది. నాకు మొదట్నుంచీ ఆ పెండ్లి ఇష్టం లేదు గదా!"

గిరిజమ్మ కళ్ళు తుడుచుకుంది. "అత్త తప్పు చేసినాది. నోరారా ఒప్పుకున్నాది. ఆమె మీద నాకు కోపం లేదు. మీరేం చేసినారు?"

"నేనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనేమీ చేయలేదే!"

"అవును. ఏమీ చేయలేదు."

పీట వేసింది. వేడన్నం పెట్టి, నెయ్యి వేసింది. ఆయన నిశ్చింతగా తిన్నాడు. ఆ కాపురం ఆ తర్వాత ఇంకా చాలా ఏండ్లు సాగింది. వేళకు వడ్డన ఒక్కనాడూ తప్పలేదు. అయితే ఏ కష్టంలోనూ గిరిజమ్మ భర్తను మళ్ళీ సాయమడగలేదు. అడగడం మానేసిందని ఆయన ఎప్పటికీ గమనించలేదు.