గోరంత సందు

కనకమామిడిలో ఆ ఫామ్‌హౌస్ కట్టకముందు అక్కడ శెనగ చేను ఉండేది. ఇప్పుడు గడ్డి ఉన్నది. పశువు మేయని గడ్డి, దానికి రోజూ నీళ్లు. చూస్తేనే అక్కడ పనిచేసే నిర్మలకు ఒళ్లు మండేది. సాఫ్ట్‌వేర్ కొలువులు చేసేటోళ్లకు జీతాలు పెరిగినకొద్దీ తెలివి తగ్గుతుందని ఆమె నమ్మకం.

అన్నిటికన్నా పెద్ద తిక్క హాల్లో పరిచి ఉన్నది. ఇరాన్ తివాచీ. నూరేండ్ల పాతదట. ఎవరో తొక్కి విడిచినదాన్ని కొనుక్కొచ్చి మురిసిపోయేటోళ్లను ఆమె ఇక్కడే చూసింది. మేడం స్వప్నిక దానికి చేయించే సేవ ఇంట్లో అత్తకు చేసిందో లేదో.

"ఎండ తగలనియ్యకు నిర్మలా. ఏమన్న ఒలికితే రుద్దకు, తెల్లబట్టతోని అద్దు. మడతపెట్టకు, చుట్టాలె. కుచ్చుల మీద దుమ్ముగుంజే మిషన్ పెట్టకు. ఆర్నెల్లకోసారి ఈ కొస ఆ దిక్కు తిప్పాలె."

"గీ జంఖానకు గింత నఖరానా మేడం?"

"జంఖాన కాదు!"

నూలు జంఖాన కాదని నిర్మలకూ తెలుసు. ఏడిపించడానికే అనేది. ఉన్ని సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? గొంగళ్లు నేసే బీరయ్య బిడ్డ ఆమె. వాలు ఎటున్నదో కండ్లు మూసుకుని చెప్పగలదు. వాలుకు నిమిరితే ఈ తివాచీ తెల్లగా మెరుస్తుంది. ఎదురు ఒత్తితే నల్లబడుతుంది. ఎవరు నడిచినా పాదమంత మచ్చ నిలుస్తుంది.

ఒక మూల, అంచున నేసిన పూలతీగలో, గోరంత సందు ఉన్నది. అక్కడ ముడులు లేవు, ఉత్త పడుగు దారాలే.

"దాన్ని మాత్రం ముట్టకు," అన్నది మేడం. "నేసినామె కావాలనే విడిచిపెట్టిందట. అమ్మినాయన మరీ మరీ చెప్పిండు."

పని రానిదాని తప్పుకు కూడా మొక్కుడేనా అని నిర్మల మూతి తిప్పింది. గొంగడిలో సందు కనబడితే పొద్దుగూకేలోపు మూయాలన్నది బాపు నియమం. చూసి విడిచిపెట్టినోడు నేతగాడే కాదనేవాడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం. మేడం వాళ్లు లేరు. తివాచీ తిప్పే రోజు. చేవెళ్ల కాలేజీ నుంచి వచ్చిన కూతురు ప్రవళిక రెండో కొస పట్టింది. పరిచినంక దాని మీదే అటూ ఇటూ తిరిగింది.

"నీ ఏనుగు అడుగులన్నీ నేనే నిమరాలెనా?"

"మేడం చూస్తలేదు కదవ్వా," అని పిల్ల ఆ చివర పుస్తకం తెరిచి, అట్లనే నిద్రపోయింది. ఒక్కతే బిడ్డ. లేపబుద్ధి కాలేదు.

నిర్మల పాత గొంగడి నుంచి తీసిన నల్ల ఉన్ని దబ్బనానికి ఎక్కించింది. పదకొండు ముడులు. సందు మూసుకుపోయింది. అతుకు కనిపెడితే చెప్పుతో కొట్టమను అనుకున్నది. బిడ్డ అడుగులన్నీ నిమిరి సాపు చేసింది.

వాన ముసురుకున్నది. కరెంటు పోయింది. హాలంతా తడిసిన గొర్రె వాసన.

తివాచీ పొడిగానే ఉన్నది.

నడుమ ఉన్న పెద్ద పువ్వు మీద నల్లమచ్చ. చిన్న పాదం. ఆరేండ్ల పిల్లకుండేటంత. నిర్మల వంగి నిమిరింది. పోయింది. దాని ముందు ఇంకొకటి పడింది. ఆమె చూస్తుండగానే... ఉన్ని తనంత తానే ఒత్తుకుపోయింది.

అడుగులు మూల దాకా వచ్చినయి. ఆమె మూసిన చోట ఆగినయి. అక్కడక్కడే తిరిగినయి... తిరిగి... ప్రవళిక వైపు మళ్లినయి.

"ప్రవళికా... లే బిడ్డా."

పిల్ల కండ్లు మూసుకునే ఉన్నది. పెదవులు కదిలినయి.

"అవ్వా... తలుపెందుకు మూసినవ్?"

హాలు తలుపు బార్లా తెరిచే ఉన్నది.

ఏ తలుపో నిర్మలకు అప్పుడు అర్థమైంది. మూల మీద పడి గోళ్లతో ముడులు పీకింది. రాలేదు. గొప్ప పనితనం మరి, ఒక్కటీ సడలలేదు. పండ్లతో కొరికింది. ఒకటి... నాలుగు... వెనక ఉన్ని నలిగే మెత్తటి చప్పుడు. ఏడు... పదకొండోది తెగింది.

అడుగులు ఆమె మోకాలి పక్క నుంచి సందు దాకా వచ్చి ఆగిపోయినయి. చిన్నవి ఒక జత. వాటి పక్కన ఇంకో జత. పెద్దవి, ఇందాక ఆమె నిమిరి సాపు చేసినయంత.

కరెంటు వచ్చింది. ప్రవళిక లేచి ఒళ్లు విరుచుకున్నది.

"ఏందవ్వా, నోట్ల గా ఉన్ని ఏంది? గొర్రెను కరిచినవా?"

నవ్వుకుంటూ తివాచీ మీదుగా తల్లి దగ్గరికి వచ్చింది. నిర్మల బిడ్డ ముఖం చూడలేదు. కిందికి చూసింది.

"ఇంకోపాలి నడువు బిడ్డా."

"ఏమైంది నీకు?"

"నడువు... జర గట్టిగ అడుగెయ్యి."

పిల్ల విసుక్కుంటూనే నడిచింది. కిటికీ దాకా పోయింది, వచ్చింది. మళ్లీ పోయింది, వచ్చింది.

ఉన్ని వాలు ఎక్కడా చెదరలేదు.