మంట ఆర్పిన ప్లాట్‌ఫారం

"మంట ఆర్పేశారు. మంచిదే కదా సార్?"

చీఫ్ ఫొటోను టేబుల్ మీదికి విసిరాడు. సముద్రం మధ్య గ్యాస్ ప్లాట్‌ఫారం. ఏళ్ల తరబడి దాని గొట్టం చివర మిగులు గ్యాస్‌ని కాలుస్తూ ఆరకుండా మండిన ఫ్లేర్ మంట ఇప్పుడు లేదు.

"మంట ఆర్పితే మిగులు గ్యాస్ ఎటు పోయిందోయ్? మళ్ళీ బావిలో దూరి పడుకుందా? కింది డెక్ నుంచి దొంగచాటుగా గాల్లోకి వదిలేస్తున్నారు! కాల్చిన గ్యాస్‌కంటే కాల్చని గ్యాస్ భూమిని ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. అయినా ప్లాట్‌ఫారం నడిపే ఈ విదేశీ ముఠాకి జీరో కార్బన్ సర్టిఫికెట్! లీడర్‌ని ప్రొఫెసర్ అంటారు. రేపు మంత్రిగారు బటన్ నొక్కి అక్కడ కార్బన్ పట్టే మెషీన్ స్టార్ట్ చేస్తారు. ఈలోగా నాకు రుజువు కావాలి."

కోపం ఎక్కువని ఆఫీసంతా కుక్కర్ అని పిలిచే ఆ ఏజెంట్‌కి అక్కడే విజిల్ పడింది. ఆ ప్లాట్‌ఫారం మీద క్రేన్ నడిపేది అతని అక్క మొగుడు.

"వేషం?"

"పెయింటర్. సర్టిఫికెట్ ఇచ్చిన ఆడిటర్ మన మనిషే. ముఠా జీతమూ తింటుందనుకో. కోడ్, 'సముద్రం రంగు మారింది'. జవాబు, 'రెండో కోటు వేయాలి'."

మర్నాడు డబ్బా, బ్రష్ పట్టుకుని ప్లాట్‌ఫారం ఎక్కాడో లేదో, క్రేన్ మీంచి కేక.

"ఒరేయ్ బావమరిదీ! పెయింటర్‌వి ఎప్పుడయ్యావురా?"

"అరవకు బావా, కొంపలు మునుగుతాయి!"

చేసేవి రహస్యాలు, బంధువులేమో మైకులు. పళ్ళు నూరుకుంటూ కింది డెక్‌కి దిగాడు.

అక్కడి గ్యాస్ డిటెక్టర్లన్నిటికీ ప్లాస్టిక్ సంచులు కట్టి ఉన్నాయి. రంగు పడకుండా పెయింటర్లు అలా కట్టడం, పని అయ్యాక విప్పడం మామూలే. కానీ గోడల మీద తుప్పు తుప్పులాగే ఉంది. ఎక్కడా బ్రష్ తగిలిన జాడ లేదు.

జేబులోంచి పెన్ను తీశాడు. అది పెన్ను కాదు, గ్యాస్ మీటర్. వెంటనే దాని కొసన ఎర్ర లైటు వెలిగింది. రోజూ గాలి ఈడ్చుకుపోయే గ్యాస్, ఇవాళ గాలి లేక ఇక్కడే పేరుకుపోయింది. పక్కనే కొత్త మెషీన్, రిబ్బన్ కట్టుకుని సిద్ధంగా ఉంది. పైన బటన్ నొక్కితే దీని మోటారు తిరుగుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, క్రేన్‌తో సహా బావ గాల్లో కలిసిపోతాడు.

"తడిగుడ్డతో గొంతు కోసే వెధవల్లారా!"

"సముద్రం రంగు మారింది" అంది వెనకనుంచి ఒక గొంతు.

"రెండో కోటు వేయాలి" అంటూ తిరిగాడు. ఆడిటరే. ఎర్ర లిప్‌స్టిక్, నల్లకళ్ళద్దాలు, ఒంటికి అతికినట్టు కుట్టించుకున్న కవరాల్. చేతిలో పిస్టల్.

"సారీ. ఈ నెల ప్రొఫెసర్ వంతు."

"కాల్చు తల్లీ! ఈ మీటర్ చూసి మరీ కాల్చు. నువ్వూ నేనూ మా బావా ఒకేసారి పోదాం. నీ ప్రొఫెసర్ ఏడీ?"

"పొద్దున్నే హెలికాప్టర్‌లో..." అని ఆగిపోయింది.

"నిన్నెందుకు వదిలేసి పోయాడో?"

ఆమె కళ్ళద్దాలు పైకెత్తి మీటర్ ఎర్ర లైటు చూసింది. "లెక్కల్లో మోసం అన్నాడు. అంతే అన్నాడు! దొంగ సచ్చినోడు!" పిస్టల్ విసిరికొట్టబోయింది.

"దాన్ని కింద పడేయకు! ఇనుం మీద ఇనుం! జేబులో పెట్టు!"

పైన చప్పట్ల మధ్య లౌడ్‌స్పీకర్‌లో కౌంట్‌డౌన్ మొదలైంది. ఆ చప్పట్లలో పెయింటర్ కేక ఎవడికి కావాలి? దారి ఒక్కటే. ఒక్క డిటెక్టర్ మొత్తుకుంటే ప్లాట్‌ఫారం నమ్మదు. రెండు కలిసి మొత్తుకుంటే మాత్రం ఎవర్నీ అడగదు, కరెంటు కట్ చేసి బావులన్నీ మూసేస్తుంది.

"ఇది నేను. ఆ మూలది నువ్వు!"

అతను సంచి చింపేశాడు. ఆమె చేతికి ముడి ఊడలేదు.

"మూడు!" అంది లౌడ్‌స్పీకర్.

"గోళ్ళ సంగతి తర్వాత, లాగు!"

"రెండు!"

ఆమె ముడిని పళ్ళతో కొరికి లాగింది.

సైరన్ కూసింది. లౌడ్‌స్పీకర్ సగం మాటలో చచ్చింది. పైన మంత్రిగారు బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కారు. కింద మోటారు ఉలకలేదు, పలకలేదు.

గాలి వీచి గ్యాస్ చెదిరిపోయాక బావ పరుగున దిగివచ్చాడు. "ఏమైందిరా?"

"ఏం కాలేదు. అక్కకి ఫోన్ చెయ్యి."

సాయంత్రం చీఫ్ లైన్లోకి వచ్చాడు. "ప్రొఫెసర్ దొరికాడు. మన ఆడిటర్?"

"వచ్చే నెల మన వంతేనట సార్."

"సరే. ఆ దొంగ సర్టిఫికెట్ చించేయనా?"

"ఇవాళ్టికి ఉంచండి సార్. బావులన్నీ మూతపడ్డాయి. ఈ ఒక్క పూటా అందులో ఉన్న జీరో నిజం."